చూస్తే చుట్టం... చెయ్యేస్తే ఊరిమనిషి

జర్మనీ పల్లె పండుగల్లో పరాయి దేశస్థుల చోటెక్కడ?

మే 1 ఉదయం. దక్షిణ జర్మనీలో, ఎగువ బవేరియా పల్లె ఒకదాని నడిబొడ్డు. తెలుపు, నీలం చారలు చుట్టిన ముప్ఫై మీటర్ల స్ప్రూస్ మాను నేల మీద అడ్డంగా పడి ఉంటుంది. తోలు నిక్కర్లు తొడుక్కున్న మగవాళ్లు పదుల సంఖ్యలో దాని చుట్టూ చేరతారు. కొసల దగ్గర తాడుతో జతకట్టిన పొడవాటి వాసాలను మాను కింద ఆనిస్తారు. పెద్దమనిషి ఒకాయన కేక వేస్తాడు. అందరూ ఒక్క ఊపున తోస్తారు. మాను కాస్త లేస్తుంది. వాసాలు మార్చుకుంటారు. మళ్లీ కేక, మళ్లీ తోపు. పక్కన బ్రాస్ బ్యాండ్ మోగుతుంటుంది. డిర్న్‌డెల్ గౌన్లు వేసుకున్న ఆడవాళ్లు కేకులు కోసి పళ్లేల్లో సర్దుతుంటారు. మాను నిటారుగా నిలబడేసరికి గంటలు గడిచిపోతాయి. క్రేను తెప్పిస్తే చిటికెలో అయ్యే పనే. కొన్ని ఊళ్లు ఇప్పుడు అలాగే కానిస్తున్నాయి కూడా. చేతులతో ఎత్తే ఊళ్లకు మాత్రం ఆ ఎత్తడమే పండుగ.

దీని పేరు మైబౌమ్, అంటే మే నెల మాను. దాని చుట్టూ చేరే జనంలో ఇప్పుడు భారతీయుల ముఖాలూ కనిపిస్తున్నాయి. 2023-24 శీతాకాల సెమిస్టర్ నాటికి జర్మనీలో చదువుతున్న భారతీయులు సుమారు 49 వేల మంది. అక్కడి విదేశీ విద్యార్థుల్లో అతి పెద్ద బృందం వారిదే. భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని 2024 అక్టోబరులో జర్మనీ ప్రకటించింది. ఇప్పుడు తెలుగు ఇళ్లలో పైచదువుల మాట వస్తే అమెరికాతో పాటు జర్మనీ పేరూ వినిపిస్తోంది.

వెళ్లినవాళ్లంతా బెర్లిన్‌లోనో మ్యూనిక్‌లోనో దిగరు. జర్మనీ పరిశ్రమల్లో చాలా భాగం చిన్న ఊళ్లలోనే ఉంది. కొన్ని విద్యాసంస్థలూ అంతే. దిగువ బవేరియాలోని ఫార్‌కిర్షెన్ చిన్న పట్టణం. డెగ్గెన్‌డార్ఫ్ సాంకేతిక విద్యాసంస్థ అక్కడ ఇంగ్లిష్‌లో పాఠాలు చెప్పే క్యాంపస్ నడుపుతోంది. దేశదేశాల విద్యార్థులు అక్కడికి వస్తారు. ఇలాంటి చోట ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, వీధులు నిర్మానుష్యంగా ఉంటాయి. ఊళ్లో ఇంతమంది ఉన్నారని కొత్తవారికి తెలిసివచ్చేది పండుగ రోజునే.

గుడి ప్రతిష్ఠ నుంచి ఊరి పండుగ దాకా

జర్మన్ పల్లె పండుగల్లో పాతది చర్చి ప్రతిష్ఠ వార్షికోత్సవం. బవేరియాలో దాన్ని కిర్ష్‌వై అంటారు. రైన్ తీరంలో కిర్మెస్, ఫాల్ట్స్ ప్రాంతంలో కెర్వె, హెస్సెలో కెర్బ్, ఫ్రాంకోనియాలో కెర్వా అంటారు. మధ్యయుగాల్లో ఆ రోజున పూజకు వచ్చిన జనం కోసం వర్తకులు అంగళ్లు పెట్టారు. పొరుగూళ్ల నుంచి చుట్టాలు దిగారు. తిండి, తాగుడు, నాట్యం తోడయ్యాయి. ఈ పండుగలు సారాకొట్లుగా, జూదపు అంగళ్లుగా మారాయనీ, వీటిని రద్దు చేయాలనీ మత సంస్కర్త మార్టిన్ లూథర్ 1520లోనే రాశాడు. ఆయన మాట నెగ్గలేదు.

ఒక్కో ఊరి చర్చికి ఒక్కో ప్రతిష్ఠ తేదీ కాబట్టి, వారం వారం ఏదో ఒక ఊళ్లో పండుగే. జనం పొలం పని మాని ఊళ్లు తిరుగుతున్నారని పాలకులకు బెంగ పట్టుకుంది. దాంతో 19వ శతాబ్దంలో బవేరియా అన్ని ఊళ్లకూ కలిపి అక్టోబరు మూడో ఆదివారాన్ని ఖాయం చేసింది. ఆ రోజు చర్చి గోపురం మీద ఎరుపు, తెలుపు జెండా ఎగురుతుంది. అయినా చాలా ఊళ్లు తమ పాత తేదీని వదులుకోలేదు.

పండుగ జరిపే తీరు ప్రాంతానికొక రకం. ఫ్రాంకోనియాలో కుర్ర జంటలు కెర్వా మాను చుట్టూ నాట్యం చేస్తూ ఒక పూలగుత్తిని చేతులు మారుస్తారు. గడియారం గంట మోగినప్పుడు గుత్తి ఎవరి చేతిలో ఉంటే వారిదే గెలుపు. ఫాల్ట్స్‌లో ఊరి కుర్రాడొకడు ఎత్తున నిలబడి, ఏడాది పొడవునా ఊళ్లో ఎవరెవరు ఏ తెలివితక్కువ పని చేశారో ప్రాసలు కట్టి చదువుతాడు. పంచాయతీ పెద్ద నుంచి పక్కింటివాడి దాకా ఎవరినీ వదలడు. రైన్ తీరంలో పండుగ ముగింపున గడ్డిబొమ్మను దొంగ ఏడుపులతో తగలబెడతారు. ఏడాదిలో జరిగిన తప్పులన్నీ ఆ బొమ్మ నెత్తినే రుద్దుతారు.

భాష నేర్చుకుని వెళ్లిన విదేశీయుడికి కూడా ఆ ప్రాసల హాస్యం మొదటి ఏడాది ఎక్కదు. క్లాసులో నేర్పే జర్మన్ వేరు, అక్కడ వినిపించే మాండలికం వేరు. పైగా ఆ హాస్యానికి మూలం ఊరి మనుషుల పరిచయం. మునిసిపాలిటీ లారీని గుంటలో దింపినవాడెవడో తెలిస్తేనే నవ్వొస్తుంది.

దొంగిలించినా పోలీసులను పిలవరు

మే మాను నిలబెట్టే ముందు దానికి రాత్రిళ్లు కాపలా కాస్తారు. కారణం పొరుగూరి కుర్రాళ్లు. బవేరియాలో పక్క ఊరి మానును ఎత్తుకుపోవడం పాత ఆచారం. దానికి రాయని నియమాలున్నాయి. మానుకు దెబ్బ తగలకూడదు. కొట్లాట ఉండకూడదు. కాపలావాడు మాను మీద చెయ్యి వేశాడంటే దొంగలు వెనక్కి తగ్గాలి. పొలిమేర దాటిందా, ఇక బేరమే. విడిపించుకోవాలంటే పీపాల కొద్దీ బీరు, అందరికీ తిండి పెట్టాలి. పోలీసులకు ఫిర్యాదు చేయడం నామర్దా. 2004లో జర్మనీలోకెల్లా ఎత్తైన సుగ్‌స్పిట్సె శిఖరం మీది మానును హెలికాప్టర్‌తో ఎత్తుకుపోయారు. ఆ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు.

కొత్తగా ఊళ్లోకి వచ్చినవాడికి ఈ కాపలా రాత్రులు పండుగ రోజు కన్నా మేలు. గడ్డిపాకలో మాను పక్కన పేకాట, బీరు, రొట్టె, కబుర్లు. బ్యాండ్ మోత ఉండదు కాబట్టి ఎదుటివాడి మాట వినిపిస్తుంది. అడిగింది మళ్లీ అడగవచ్చు.

బాక్స్: పల్లె పండుగల క్యాలెండర్

- ఫిబ్రవరి–మార్చి: బ్లాక్ ఫారెస్ట్, స్వేబియా ప్రాంతాల్లో ఫాస్నెట్. చెక్క ముఖోటాల వేషగాళ్లు వీధుల్లో గంతులు వేస్తారు. 2014లో జర్మనీ సాంస్కృతిక వారసత్వ జాబితాలోకి ఎక్కింది.
- ఈస్టర్: ఉత్తరాది పల్లెల్లో కొమ్మలు, రెమ్మలు పోగేసి భారీ మంటలు వేస్తారు.
- ఏప్రిల్ 30 రాత్రి: రైన్ తీరంలో కుర్రాళ్లు తాము ఇష్టపడే అమ్మాయి ఇంటి ముందు రంగు కాగితాలు కట్టిన బర్చ్ చెట్టు నిలబెడతారు. లీపు సంవత్సరంలో ఆ వంతు అమ్మాయిలది.
- మే–ఆగస్టు: వాయవ్య ప్రాంతాల్లో షుట్సెన్‌ఫెస్ట్ అనే తుపాకీ గురి పండుగ. అన్ని చోట్లా అగ్నిమాపక దళాల పండుగలు.
- సెప్టెంబరు: ఆల్గొయ్ కొండల మీద వేసవంతా మేసిన పశువులు గంటల మోతతో దిగివస్తాయి. ఏ ప్రమాదమూ జరగకుంటేనే ముందు నడిచే ఆవుకు పూల కిరీటం. ఫాల్ట్స్‌లో ద్రాక్షసారా పండుగలు.
- అక్టోబరు: మొదటి ఆదివారం పంటల పండుగ, మూడో ఆదివారం బవేరియా కిర్ష్‌వై.
- నవంబరు 11: సెయింట్ మార్టిన్ దినం. పిల్లలు కాగితపు లాంతర్లతో ఊరేగుతారు.

పక్షిని పడగొట్టినవాడే రాజు

జర్మనీ వాయవ్యంలోని జౌవర్‌లాండ్, మ్యూన్‌స్టర్‌లాండ్ పల్లెలకు ఏడాదిలో పెద్ద పండుగ షుట్సెన్‌ఫెస్ట్. మధ్యయుగాల్లో ఊళ్లను కాపాడిన పౌర దళాలు దీనికి మూలం. ఎత్తైన స్తంభం కొసన చెక్క పక్షిని బిగించి వంతులవారీగా తుపాకీతో కాలుస్తారు. ముందు కిరీటం, తర్వాత రెక్కలు రాలతాయి. చివరి ముక్కను నేలకూల్చినవాడు ఏడాది పాటు ఊరికి రాజు. అతడొక రాణిని ఎంచుకుంటాడు. యూనిఫాంలు, జెండాలు, బ్యాండ్లతో ఊరేగింపు సాగుతుంది. రాజరికం ఖర్చుతో కూడిన గౌరవం. విందుల భారం రాజుదే కాబట్టి గురి ఉండి కూడా చివరి గుండు దగ్గర వెనకడుగు వేసేవాళ్లున్నారు.

పరాయివాళ్ల ప్రశ్న సూటిగా ఎదురైంది ఈ పండుగలోనే. 2014లో వెర్ల్ పట్టణ పరిధిలోని జ్యోన్నెర్న్ పల్లెలో టర్కీ మూలాలున్న ఒక ముస్లిం పక్షిని పడగొట్టి రాజయ్యాడు. ఊరు పండుగ చేసుకుంది. ఈ పండుగ సంఘాలకు పైనున్న సమాఖ్య మాత్రం అడ్డు చెప్పింది. సభ్యులు క్రైస్తవులై ఉండాలన్నది దాని నియమావళి. దేశమంతా చర్చ నడిచింది. ఊరి సంఘం తమ రాజు వైపే నిలిచింది. చివరికి రాజరికం నిలిచింది గానీ, పై స్థాయి పోటీల్లో పాల్గొనకూడదన్న షరతు మిగిలింది. 2015లో జర్మనీ ఈ సంప్రదాయాన్ని తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. 2017లో సమాఖ్య నియమాన్ని సడలించి, ఎవరిని చేర్చుకోవాలన్నది స్థానిక సంఘాలకు వదిలింది. తమతో కలిసి తిరిగిన మనిషిని ఊరు ఎప్పుడో తనవాడిగా లెక్కేసుకుంది. సమాఖ్య కాగితాలు ఆ లెక్కను అందుకోవడానికి మూడేళ్లు పట్టింది.

పండుగ వెనుక సంఘాలు

ఈ పండుగలను కాంట్రాక్టర్లు కాదు, ఊరి సంఘాలు నడుపుతాయి. ఫెరైన్ అని పిలిచే ఈ సంఘాన్ని కొత్తగా నమోదు చేయించాలంటే కనీసం ఏడుగురు సభ్యులుండాలి. దేశంలో నమోదైన సంఘాలు సుమారు 6 లక్షలు. ఫుట్‌బాల్‌కొకటి, బ్యాండ్‌కొకటి, సంప్రదాయ దుస్తులకొకటి, కుందేళ్ల పెంపకానికొకటి. అన్నింటికీ పెద్దన్న స్వచ్ఛంద అగ్నిమాపక దళం. జర్మనీలో పూర్తికాలపు అగ్నిమాపక సిబ్బంది ప్రధానంగా పెద్ద నగరాలకే పరిమితం. పల్లెలో సైరన్ మోగితే పరుగెత్తేది రొట్టెల బట్టీ యజమాని, బడి పంతులు, రైతు. ఇలాంటి స్వచ్ఛంద సభ్యులు దేశమంతటా దాదాపు 10 లక్షల మంది.

పండుగ లెక్క అంతా ఇక్కడే తేలుతుంది. బీరు, సాసేజీల మీద మిగిలిన డబ్బుతో దళానికి సామగ్రి కొంటారు, పిల్లల బ్యాండ్‌కు వాయిద్యాలు కొంటారు. బీరు పోసేవాడికి, సాసేజీలు కాల్చేవాడికి, గ్లాసులు కడిగేవాడికి జీతం ఉండదు. ఎవరి వంతు ఏ పూటో ముందుగానే జాబితా రాసుకుంటారు. కేకులు ఇంటింటి నుంచి వస్తాయి. మన జాతరలో చందా రాసినవారి పేరు మైకులో చదువుతారు. ఇక్కడ గౌరవం దక్కేది గంటల లెక్కన చేసిన పనికి.

బయటివాడికి పండుగలో ఎదురయ్యే ఇబ్బందికి కారణం కూడా ఇదే. పండుగ కోసం వేసిన డేరాలోని మనుషులు ఒకరికొకరు చిన్నప్పటి నుంచి తెలుసు. ఒకే బడి, ఒకే జట్టు, ఒకే దళం. కొత్తవాడిని ఎవరూ పొమ్మనరు, రమ్మని కూడా పిలవరు. దాన్ని చిన్నచూపుగా అనుకుని మొదటి గంటలోనే లేచి వెళ్లిపోయేవాళ్లు చాలామంది. చొరవ తీసుకుని పలకరించడం జర్మన్ పల్లె మర్యాదలో లేదు. అడిగితే జవాబు చెప్పడం, చోటివ్వడం మాత్రం ఉంది.

బల్ల దగ్గర మొదటి గంట

డేరాలో విడి కుర్చీలుండవు, పొడవాటి బల్లలే. ఖాళీ కనిపిస్తే అడిగి కూర్చోవడమే పద్ధతి. ఒక్కసారి కూర్చున్నాక ఆ బల్ల మీదివాళ్లంతా తోడు. ఫాల్ట్స్ ద్రాక్షసారా పండుగల్లో ఈ తోడు మరీ గట్టిది. అర లీటరు పట్టే, ఒంటి మీద గుంటలున్న డుబ్బెగ్లాస్‌లో సోడా కలిపిన ద్రాక్షసారా పోసి బల్ల చుట్టూ తిప్పుతారు. ముక్కూ మొహం తెలియనివాడికీ గ్లాసు అందుతుంది. ఎంగిలి పట్టింపు ఉన్న తెలుగు మనిషికి అదొక పరీక్ష. వద్దంటే తప్పు పట్టరు. తీసుకుంటే మాత్రం మాటలు మొదలవుతాయి.

తాగనివారికి యాపిల్ రసంలో సోడా కలిపిన పానీయం, ఆల్కహాల్ లేని బీరు దొరుకుతాయి. పంది మాంసం, గొడ్డు మాంసం తిననివారికి దారి కాస్త ఇరుకు. బవేరియాలో జున్ను కలిపిన ష్పెట్స్‌లె నూడుల్స్, ఉప్పు చల్లిన బ్రెట్సెల్ రొట్టె, రైన్ తీరంలో యాపిల్ గుజ్జుతో తినే బంగాళాదుంప అట్లు, అంతటా వేయించిన బంగాళాదుంప ముక్కలు. మధ్యాహ్నం పూట కేకుల బల్ల దగ్గర అందరూ సమానమే. శాకాహారమని చెప్పిన సూప్‌లో పంది ముక్కలు తేలడం కద్దు. అందుకే శాకాహారమా అని కాక, ఏ మాంసమూ లేదు కదా అని అడగడం మేలు.

బాక్స్: డేరాలో మర్యాదలు

- గ్లాసులు తాకించేటప్పుడు ఎదుటివారి కళ్లలోకి చూడాలి. చూపు తిప్పుకోవడం అమర్యాద.
- బవేరియా మగ్గు ఒక లీటరు. రైన్ తీరంలో గ్లాసు 0.2 లీటరు. రైన్ గ్లాసుల లెక్కతో బవేరియాలో తాగకూడదు.
- పలుచోట్ల గ్లాసుకు డిపాజిట్ తీసుకుంటారు. గ్లాసు తిరిగిస్తే డబ్బు వెనక్కి వస్తుంది. టోకెన్ ఇస్తే దాచుకోవాలి.
- కార్డు పనిచేయని చోట్లే ఎక్కువ. జేబులో నగదు ఉండాలి.
- బల్ల దగ్గర ఒకరు అందరికీ కొంటే, తర్వాతి వంతు మరొకరిది. కొత్తవారూ వంతు తప్పకూడదు.
- బీరు, ద్రాక్షసారా కొనడానికి కనీస వయసు 16. ఘాటు మద్యానికి 18.
- ఆలస్యంగా వచ్చినవారు ఒక్కొక్కరికీ చెయ్యివ్వకుండా బల్ల మీద వేలి కణుపులతో తడితే చాలు, అందరినీ పలకరించినట్టే.

మ్యూగెల్న్‌లో ఆ రాత్రి

భారతీయులకు ఈ పండుగల చరిత్రలో ఒక చేదు అధ్యాయం ఉంది. 2007 ఆగస్టులో తూర్పున శాక్సనీ రాష్ట్రంలోని మ్యూగెల్న్ అనే చిన్న పట్టణంలో ఊరి పండుగ జరుగుతోంది. రాత్రి డేరాలో మొదలైన గొడవ బయటికి పాకింది. 50 మంది దాకా గుంపు ఎనిమిది మంది భారతీయులను వీధుల్లో తరిమి కొట్టింది. వాళ్లు ఒక భారతీయుడు నడిపే పిజ్జా దుకాణంలో దూరి ప్రాణాలు దక్కించుకున్నారు. ఎనిమిది మందికీ గాయాలయ్యాయి. గుంపు నుంచి విదేశీ వ్యతిరేక నినాదాలు వినిపించాయి. ఆ వార్త ప్రపంచమంతా పాకింది.

ఆ తరహా ధోరణి పోలేదు. 2023 అక్టోబరులో ఈశాన్యంలోని బెర్గ్‌హోల్ట్స్ పల్లె పంటల పండుగలో కుర్రాళ్లు ఒక పాత ఇటాలియన్ డిస్కో ప్రేమపాట బాణీకి విదేశీయులను వెళ్లగొట్టాలన్న నినాదం తగిలించి పాడారు. ఆ వీడియో వ్యాపించి, 2024లో సంపన్నుల విడిది సిల్ట్ దీవి దాకా అదే అనుకరణ సాగింది. అదే ఏడాది మ్యూనిక్ అక్టోబర్‌ఫెస్ట్ ఆ పాట వాయించరాదని నిర్ణయించింది.

భయం రెండో వైపు నుంచీ వచ్చింది. 2024 ఆగస్టులో జోలింగెన్ పట్టణం 650 ఏళ్ల ఉత్సవంలో సిరియా నుంచి వచ్చిన శరణార్థి కత్తితో ముగ్గురిని చంపాడు. డిసెంబరులో మాగ్డెబుర్గ్ క్రిస్మస్ అంగడిలోకి కారు దూసుకెళ్లింది. ఆ తర్వాత పండుగ డేరాల ముందు కాంక్రీటు దిమ్మెలు, కాపలా తప్పనిసరి అవుతున్నాయి. ఆ ఖర్చు మోయలేక 2025లో పలు ఊళ్లు పండుగలను రద్దు చేసుకున్నాయి. ఈ వాతావరణంలో గోధుమ రంగు మనిషి భుజానికి సంచితో డేరాలోకి వస్తే చూపులు ఒక క్షణం ఎక్కువసేపు నిలుస్తాయి. అందుకే అక్కడ ఉండేవాళ్లు కొత్తవారికి ఇచ్చే సలహా ఒకటే: మొదటిసారి ఊళ్లో తెలిసినవారితో వెళ్లాలి, డేరాలో మత్తు ముదిరే అర్ధరాత్రి దాకా ఆగకుండా బయల్దేరాలి.

ఊరికీ అవసరమే

పల్లె వైపు నుంచి చూస్తే లెక్క మారుతుంది. కుర్రకారు నగరాలకు పోతోంది. ఊరి సత్రాలు మూతపడుతున్నాయి. అగ్నిమాపక దళాలకు మనుషులు చాలడం లేదు. పండుగకు బల్లలు మోసే చేతులు ఏటా తగ్గుతున్నాయి. చర్చిల్లోనూ అదే కొరత. అందుకే భారత్ నుంచి వెళ్లిన కాథలిక్ ఫాదర్లు ఎన్నో జర్మన్ పల్లెల్లో పూజలు చేయిస్తున్నారు. వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఊరి పండుగను దీవించే చెయ్యే కొన్నిచోట్ల ఇప్పుడు పరాయి దేశానిది.

ఫార్‌కిర్షెన్ లాంటి ఊళ్లలోని విద్యార్థికి, జౌవర్‌లాండ్ ఫ్యాక్టరీలో చేరిన ఇంజినీరుకు ఈ కొరతే తెరిచి ఉన్న తలుపు. టికెట్ కొని, ఫొటోలు దిగి వచ్చినవాడు ఎన్నేళ్లయినా చుట్టమే. రెండు గంటలు గ్లాసులు కడిగినవాడి పేరు మర్నాటికి ఊరికి తెలుస్తుంది. ఆదివారం రాత్రి డేరా విప్పి, సోమవారం బల్లలు లారీకెక్కించే పనిలో చేరినవాడిని వచ్చే ఏడు ఎవరూ కొత్తవాడనరు. ఆ పనిలో నేర్చుకునే మాండలికం ఏ భాషా తరగతిలోనూ దొరకదు.

జర్మనీ వెళ్లబోయే తెలుగువారు, అక్కడ ఇప్పటికే ఉంటున్నవారు చేయాల్సింది తక్కువే. ఇంటికి వచ్చే మునిసిపాలిటీ పత్రికను పారేయకుండా చదవండి. పండుగ తేదీలు, సంఘాల ప్రకటనలు అందులోనే ఉంటాయి. పండుగకు నెల ముందే అగ్నిమాపక దళం దగ్గరికో, ఫుట్‌బాల్ సంఘం దగ్గరికో వెళ్లి సహాయకుల జాబితాలో పేరు రాయించుకోండి. బీరు ముట్టనివారికీ, జర్మన్ సరిగా రానివారికీ అందులో పని ఉంటుంది.